సర్కారు వకీలుకి మనం ఓటేస్తే?

పోయిన వారం లైవ్‌లో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, అమెరికాల సర్కారు వకీలుని గూడ ఓట్లేసి గెలిపిస్తరంట, నిజమేనా? మన సంగారెడ్డిల గట్ల ఎలక్షన్ పెడితే పాశమైలారం కేసు ఇట్ల సాగేదా?" అప్పుడు రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. కానీ ఆ ప్రశ్న రెండు ముక్కలది కాదు, అందుకే ఈ ఎపిసోడ్.

ముందు, నిజమా అంటే నిజమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రాసిక్యూటర్ ఓట్లతో గెలిచి కూర్చుంటారు. డిస్ట్రిక్ట్ అటార్నీ అనే మాట సినిమాల్లో వినే ఉంటారు. వర్జీనియాలో అదే పదవిని కామన్వెల్త్ అటార్నీ అంటారు. ఆ వర్జీనియాలోనే లౌడన్ కౌంటీ, అందులో ఆష్‌బర్న్. మనోళ్లు బాగా స్థిరపడిన చోటు. మీ మేనమామో, సీనియరో అక్కడ ఉండే ఉంటారు. 2019లో అక్కడ బూటా బిబెరాజ్ అనే లాయరు పోటీ చేశారు. చిన్న చిన్న నేరాలకి జైళ్లు నింపొద్దు, పద్ధతి మార్చాలి అన్నారు. గెలిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2023లో, అదే పదవి అంతకుముందు చేసిన బాబ్ ఆండర్సన్ చేతిలో కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. వందల ఓట్లు! మన దగ్గర ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటాయి అన్ని.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చెసా బౌడిన్‌ది ఇంకో కథ. 2019లో గెలిచారు, 2022 జూన్‌లో జనమే రీకాల్ ఓటు వేసి మధ్యలో దించేశారు. మనోళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీలో పమేలా ప్రైస్‌కి 2024లో అదే జరిగింది. అటు ఫిలడెల్ఫియాలో లారీ క్రాస్నర్, పోలీసుల మీద ఏళ్ల తరబడి కేసులు వేసిన లాయరు, 2017 నుంచి వరసగా మూడుసార్లు గెలిచారు. అంటే సంస్కరణ అంటే జనం ఒప్పుకుంటారనీ చెప్పలేం, ఒప్పుకోరనీ చెప్పలేం.

ఇప్పుడు ఇటు రండి. సంగారెడ్డి జిల్లా కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? ఎమ్మెల్యే పేరు తెలుసు, ఎస్పీ పేరు తెలుసు, కలెక్టర్‌ని ఇన్‌స్టాలో ఫాలో అవుతారు. సర్కారు తరఫున మన కేసు వాదించే మనిషి పేరు మాత్రం కోర్టు మెట్లు ఎక్కినోళ్లకే తెలుస్తుంది.

ఆ నియామకం ఎట్లా జరుగుతుందో చూడండి. సెషన్స్ కోర్టులో వాదించే పీపీ కోసం కలెక్టర్, సెషన్స్ జడ్జితో సంప్రదించి ఒక ప్యానెల్ తయారు చేస్తారు. కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయర్లు అందులో ఉంటారు. ఆ ప్యానెల్ నుంచి ప్రభుత్వం ఎంచుకుంటుంది. కింద మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉండేది ఏపీపీలు, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు. వాళ్లది పరీక్ష రాసి తెచ్చుకునే ఉద్యోగం. ఆ పరీక్ష పెట్టేది ఎవరు? పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు. ఎస్ఐ, కానిస్టేబుల్ పరీక్షలు పెడుతుంది చూడండి, అదే బోర్డు. ప్రాసిక్యూషన్ పోలీసు నుంచి వేరుగా ఉండాలని సుప్రీంకోర్టు 1995లోనే ఎస్‌బీ షహానే కేసులో చెప్పింది. విభాగం వేరైంది, డైరెక్టర్ వేరు. కానీ ఆ డైరెక్టరేట్ ఉండేది హోం శాఖ కిందే. పోలీసులు ఉండేదీ అక్కడే.

అసలు తేడా ఇంకోటి ఉంది. అమెరికాలో ఎవరి మీద ఏ నేరం మోపాలో నిర్ణయించేది ఆ డిస్ట్రిక్ట్ అటార్నీ. మన దగ్గర ఛార్జిషీటు వేసేది పోలీసు. పీపీ అభిప్రాయం తీసుకునే ఛార్జిషీటు వేయాలని దర్యాప్తు అధికారిని ఎవరూ బలవంతం చేయకూడదని 2000లో ఆర్. సరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన సర్కారు వకీలు చేతికి కాగితాలు వచ్చేసరికే వంట అయిపోయి ఉంటుంది. ఉప్పు తక్కువైనా, మాడిపోయినా, వడ్డించేది మాత్రం ఆయనే. అట్లాంటి పదవికి ఎలక్షన్ పెట్టి ఏం లాభం చెప్పండి?

అట్లాగని ఆయన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. పాశమైలారం సంగతే తీసుకుందాం.

2025 జూన్ 30, సోమవారం పొద్దున, సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు. చివరికి లెక్క 54 మంది. అందులో ఎనిమిది మందివి అంత్యక్రియలకి శరీరాలు కూడా దొరకలేదు. ఆ రోజుల్లో పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర డీఎన్‌ఏ కోసం రక్తం ఇచ్చి కూర్చున్న కుటుంబాలని టీవీలో మీరూ చూశారు. మరుసటి రోజు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి, చనిపోయినవాళ్ల కుటుంబాలకి కోటి రూపాయల పరిహారం అందేలా చూస్తామన్నారు. బీడీఎల్ భానూరు పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. దర్యాప్తు నెమ్మదిగా సాగుతోందని తర్వాత హైకోర్టు కూడా గట్టిగానే అడిగింది.

ఎఫ్ఐఆర్‌లో పెట్టిన సెక్షన్లలో ముఖ్యమైనది భారతీయ న్యాయ సంహిత 105. హత్య కాని నేరపూరిత నరహత్య. 'ఇట్ల చేస్తే మనుషులు చస్తారని తెలిసీ చేశారు' అని కోర్టులో నిరూపించగలిగితే పదేళ్ల దాకా శిక్ష. పక్కనే 106 ఉంది, నిర్లక్ష్యం వల్ల మరణం. దానికి గరిష్ఠం ఐదేళ్లు. ఒక్క అంకె తేడా అంతే. కానీ 105 అయితే సెషన్స్ కోర్టు, పీపీ వాదిస్తారు. 106 ఒక్కటే మిగిలితే మేజిస్ట్రేట్ కోర్టు, ఏపీపీ. కోర్టు మారుతుంది, వకీలు మారతారు, కేసు బరువే మారిపోతుంది. అభియోగాలు ఖరారు చేసే రోజున నిందితుల తరఫు పెద్ద లాయర్లు పట్టుబట్టేది దీని గురించే: "105 నిలవదు, మహా అయితే 106." ఆ రోజు సర్కారు వకీలు ఫైలు చదువుకుని వచ్చారా లేదా అన్నదే ప్రశ్న.

ఇది ఊహ కాదు, జరిగిందే. భోపాల్. 1984లో వేల మంది చనిపోయారు. అప్పటి ఐపీసీ 304 రెండో భాగం కింద, అంటే ఇప్పటి 105 లాంటిదాని కింద, అభియోగం పెట్టారు. 1996 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఉన్న సాక్ష్యం దానికి చాలదని 304ఎ కి దించేసింది. 304ఎ గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2010 జూన్‌లో తీర్పు వచ్చింది: రెండేళ్లు. అదే రోజు బెయిలు. ఇరవై ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగిన ఆడవాళ్లకి దక్కింది అది.

ఇంకో దారి ఫ్యాక్టరీల చట్టం, 1948. పేలుడు జరిగిన నాటికి అమల్లో ఉన్నది అదే. ఆ చట్టం కింద కేసు వేయాలంటే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వేయాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతి కావాలి. అదీ నేరం ఆయన దృష్టికి వచ్చిన మూడు నెలల్లో. భద్రతా నియమాలు తప్పి మనిషి ప్రాణం పోతే కనీస జరిమానా ఎంతో తెలుసా? 25,000 రూపాయలు. మీలో కొందరి చేతిలో ఉన్న ఫోను అంతకన్నా ఎక్కువ.

సరే, ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. సంగారెడ్డిలో పీపీ పదవికి ఎలక్షన్ పెట్టారనుకోండి. ఒక మంచి లాయరు నిలబడ్డారు. 'ఫ్యాక్టరీలో కూలీ చస్తే యజమానిని బోనెక్కిస్తా' అన్నారు. ఓటెవరు వేస్తారు?

పాశమైలారంలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడివాళ్లు? బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్. ఇస్నాపూర్‌లో, పాశమైలారంలో, బొల్లారంలో రేకుల షెడ్లలో, ఒక్క గదిలో అయిదారుగురు ఉండేవాళ్లు. వాళ్ల ఓటు ఊర్లో. వాళ్ల భార్యల ఓటు ఊర్లో. ఇక్కడ వాళ్ల కోసం లైన్లో నిలబడే ఓటరు లేడు. అదే ఎలక్షన్లో ఫ్యాక్టరీల వాళ్లు ఏ అభ్యర్థికి ఫ్లెక్సీలు కట్టిస్తారో, ఎవరి మీటింగ్‌కి బస్సులు పంపిస్తారో నేను చెప్పాలా? పంచాయతీ ఎన్నికల్లో చూస్తూనే ఉన్నాం.

ఆష్‌బర్న్‌లో మనోళ్ల సంగతీ అంతే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా లేదు. ఏదైనా కేసులో ఇరుక్కుంటే వాళ్లని నిలబెట్టే ప్రాసిక్యూటర్‌ని ఎన్నుకునేది పక్కింటివాళ్లు. అక్కడ మనోడు ఎట్లనో, ఇక్కడ బిహార్ అన్న అట్ల.

అందుకే ఎలక్షన్ పెట్టాలన్న దానికి నేను ఒప్పుకోను. నాకు కావాల్సింది వేరే. ఏపీపీల ఎంపిక పోలీసు బోర్డు చేతిలోంచి తీయాలి. ప్రభుత్వం ప్యానెల్ నుంచి ఫలానా లాయరునే ఎందుకు తీసుకుందో రాసి బయట పెట్టాలి. 54 మంది చనిపోయిన కేసుకి, రోజూ పది ఫైళ్లు మోసే వకీలు కాకుండా ఆ ఒక్క కేసే చూసే స్పెషల్ పీపీ ఉండాలి. స్పెషల్ పీపీని వేసే అధికారం ప్రభుత్వానికి చట్టంలో ఇప్పటికే ఉంది, కొత్తగా ఏమీ రాయనక్కర్లేదు.

అవి అయ్యేదాకా ఏం చేయాలి? ఇది మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ గల్లీలో, మీ షిఫ్టులో ఎవరికో పనికొస్తుంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో, దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకి పోలీసులు చెప్పాలి. ఫోనుకి మెసేజ్ రూపంలోనైనా సరే. రాలేదా, స్టేషన్‌కి రాతపూర్వకంగా అడగండి. 'సర్కారు వకీలు ఉన్నాడు కదా, మీకెందుకు' అంటారు చాలామంది. తప్పు. కోర్టు అనుమతితో బాధిత కుటుంబం సొంత లాయర్ని పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కి సాయం చేయొచ్చు, సెక్షన్ 18. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుంటానంటే, బాధితుల మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు, సెక్షన్ 360. నిందితుల్ని వదిలేసినా, చిన్న సెక్షన్ కింద శిక్ష వేసి సరిపెట్టినా, బాధితులే అప్పీలుకి వెళ్లొచ్చు, సెక్షన్ 413.

లాయరుకి డబ్బులు ఎక్కడివి అంటారా? పారిశ్రామిక ప్రమాద బాధితులకి ఉచిత న్యాయ సహాయం హక్కు అని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే రాసి ఉంది. పేరు పెట్టి మరీ, 'పారిశ్రామిక విపత్తు' అని. సంగారెడ్డి కోర్టులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోన్ నంబరు 15100. ఊరికి వెళ్లిపోయిన కుటుంబం పట్నా నుంచైనా, కటక్ నుంచైనా దానికి చేయొచ్చు.

చివరగా ఒకటి. ఈకోర్ట్స్ సర్వీసెస్ అని యాప్ ఉంటుంది, ఫ్రీ. కేసుకి 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో చూపిస్తుంది. మీ పక్క గదిలో ఉండే అన్నకి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. మీరు ఆ నంబరు కొట్టి, ఆ తేదీ హిందీలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ యాప్ ఎట్లా వాడాలో స్క్రీన్ మీద చూపిస్తా.