సరిహద్దు దాటే లారీ – నాలుగు దేశాల ఒప్పందం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో యుద్ధాల గురించి, పెన్షన్ గురించి, ఈ.సి.హెచ్.ఎస్. గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. నేను ఈసారి సరిహద్దు గురించే చెబుతాను గానీ కాపలా గురించి కాదు. ఆ సరిహద్దు మీదుగా ఒక లారీ ఎలా దాటుతుంది, ఎందుకు దాటలేకపోతోంది అన్నది నా విషయం. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఏ ఒప్పందం చూసినా డ్రైవరు వైపు నుంచి చూడటం నాకు అలవాటు.

ముందు మ్యాపు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సిలిగురి దగ్గర మన భూభాగం బాగా సన్నబడుతుంది. ఒకచోట వెడల్పు సుమారు 22 కిలోమీటర్లే. మనలో చాలామంది ఆ దారిన కాన్వాయ్‌లో వెళ్ళినవాళ్ళే. ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళే బియ్యం, సిమెంటు, మన కొల్లేరు ప్రాంతం నుంచి ఐసులో పెట్టి అస్సాం పంపే చేపలు, రోడ్డు మీద వెళ్ళే సరుకంతా ఆ సన్న దారి గుండానే పోవాలి. కలకత్తా నుంచి అగర్తలకు సిలిగురి, గౌహతి చుట్టి వెళితే 1500 కిలోమీటర్లు దాటుతుంది. అదే బంగ్లాదేశ్ గుండా, ఢాకా మీదుగా వెళితే 650 లోపే. అంటే సగం కంటే తక్కువ.

ఈ దగ్గర దారి కొత్తగా కనిపెట్టింది కాదు. దేశ విభజన జరిగాక కూడా 1965 సెప్టెంబరు యుద్ధం దాకా అటు రైళ్ళు, పడవలు నడిచాయి. యుద్ధంతో మూతపడ్డాయి. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడ్డాక, 1972లో నదీమార్గాలకు ఒప్పందం జరిగింది. రోడ్డు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. 1971లో యుద్ధం 13 రోజుల్లో ముగిసి మన సేన ఢాకాలో నిలబడింది. కలకత్తా నుంచి అదే ఢాకాకు మామూలు బస్సు నడవడానికి 1999 దాకా, అంటే 28 ఏళ్ళు పట్టింది. సైన్యం కంటే బస్సుకే దారి కష్టమైంది!

ఇక ఒప్పందానికి వస్తాను. దక్షిణాసియా దేశాలన్నిటికీ కలిపి మోటారు వాహనాల ఒప్పందం చేసుకుందామని సార్క్ అనుకుంది. 2014 నవంబరులో కాఠ్మాండూ శిఖరాగ్ర సభలో సంతకాలు కావలసి ఉండగా, తమ దేశంలో ప్రక్రియ పూర్తికాలేదని పాకిస్తాన్ అడ్డు చెప్పింది. అది ఆగిపోయింది. అందరూ కలిసిరాకపోతే వచ్చేవాళ్ళతోనే చేద్దామని బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ నాలుగూ 2015 జూన్ 15న థింఫూలో సంతకాలు చేశాయి. నాలుగు పేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని బి.బి.ఐ.ఎన్. ఒప్పందం అంటారు.

అందులో ఏముంది? పర్మిట్ ఉన్న లారీ, బస్సు, సొంత కారు ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి అదే బండిగా వెళ్ళొచ్చు. సరిహద్దులో సరుకు దించి వేరే లారీకి ఎక్కించే పని ఉండదు. అయితే అవతలి దేశంలో అక్కడి సరుకే ఒక ఊళ్ళో ఎత్తి అదే దేశంలో ఇంకో ఊళ్ళో దించడానికి వీల్లేదు. అక్కడి లారీవాళ్ళ పొట్ట కొట్టకూడదని ఆ నియమం. ఇది న్యాయమైన మాటే.

వినడానికి బాగుంది కదా! కానీ సైన్యంలో మనకు తెలుసు, ఆర్డరు వచ్చినంత మాత్రాన కాన్వాయ్ కదలదు. దారి, పెట్రోలు, హాల్టు, రిపేరు బండి, ఎవరు ఎక్కడ రిపోర్టు చేయాలి, ఇవన్నీ తేలాలి. ఈ ఒప్పందంలో వాటిని ప్రోటోకాల్స్ అంటారు. ఏ దారిన వెళ్ళాలి, రుసుము ఎంత, బీమా ఎవరిది, ప్రమాదం జరిగితే ఏం చేయాలి అన్నవి అందులో తేలాలి. 2015 నవంబరులో కలకత్తా నుంచి ఢాకా మీదుగా అగర్తలకు లారీని ట్రయల్‌గా నడిపారు. 2016లో ఢాకా నుంచి ఢిల్లీకి లారీ వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఢాకా నుంచి కాఠ్మాండూకు బస్సు వెళ్ళింది. 2022 మార్చిలో ఢిల్లీలో కూర్చుని భూటాన్ మినహా మిగతా మూడు దేశాలు అమలు పత్రం పాఠాన్ని ఖాయం చేసుకున్నాయి. అయినా సంతకాలై పదేళ్ళు దాటినా ఈ ఒప్పందం కింద రోజువారీ లారీల రాకపోకలు మొదలుకాలేదు.

ఈ ఆలస్యం ఖరీదు చూడాలంటే పెట్రాపోల్ వెళ్ళాలి. అది పశ్చిమ బెంగాల్‌లో మనవైపు గేటు, అవతల బేనాపోల్. బంగ్లాదేశ్‌తో మన భూమార్గ వ్యాపారంలో పెద్ద వంతు అక్కడే జరుగుతుంది. గుంటూరు మిర్చిని బంగ్లాదేశ్‌వాళ్ళు కొంటారు కాబట్టి మన రైతుకు కూడా ఆ గేటుతో పని ఉంది. మన లారీ బేనాపోల్ యార్డు దాకా వెళ్ళి సరుకు దించి వెనక్కి రావాలి. అక్కడ కూలీలు మళ్ళీ వాళ్ళ లారీకి ఎక్కించాలి. ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఒక్క సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోంది. అందులో 28 గంటలు సరుకు దించి ఎక్కించడానికే. తూర్పు ఆఫ్రికాలో అంతే రద్దీ ఉన్న సరిహద్దులు 6 గంటల లోపే దాటుతున్నారని అదే నివేదిక చెప్పింది.

138 గంటలంటే దాదాపు ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ డ్రైవరు, క్లీనరు బండి కింద పడుకుంటారు, రోడ్డు పక్కన వండుకుంటారు. బండి నిలబడి ఉన్నా దాని మీద తీసుకున్న అప్పుకు వడ్డీ నిలబడదు. మన సభ్యుల్లో, వాళ్ళ పిల్లల్లో లారీలు నడిపేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ లెక్క నేను చెప్పనక్కరలేదు.

దీనికి మందు లేదా అంటే ఉంది. టి.ఐ.ఆర్. అని ఒక అంతర్జాతీయ పద్ధతి చాలాకాలంగా ఉంది. బయలుదేరిన చోట కస్టమ్స్‌వాళ్ళు కంటైనరు చూసి సీలు వేస్తారు. దారిలో ఏ దేశమూ దాన్ని విప్పదు, సీలు సరిగా ఉందా అని మాత్రమే చూస్తుంది. చేరిన చోట విప్పుతారు. మన అమ్యూనిషన్ పెట్టెలు సీలుతో డిపో నుంచి యూనిట్‌కు వెళ్ళినట్టే. మన దేశం 2017లో ఇందులో చేరింది. ఇలాంటిదే ఇంకొకటి నేపాల్ విషయంలో నడుస్తోంది. 2019 నుంచి కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి నేపాల్ వెళ్ళే కంటైనర్లకు ఎలక్ట్రానిక్ సీలు వేసి, ఎక్కడున్నాయో కనిపెట్టే ఏర్పాటు చేశారు. విశాఖ రేవును నేపాల్ వాడుకోవడానికి 2016లో ఒప్పందం కుదిరింది. అంటే హిమాలయాల కింద ఉన్న బీర్‌గంజ్‌కు మన విశాఖ ఒక సముద్ర ద్వారం అయింది.

నేపాల్ మాట వచ్చింది కాబట్టి ఒక కష్టమైన సంగతి కూడా చెప్పాలి. థింఫూలో సంతకాలైన మూడు నెలలకే, 2015 సెప్టెంబరులో, నేపాల్ కొత్త రాజ్యాంగం మీద తెరాయి ప్రాంతంలో ఆందోళనలు లేచి రక్సాల్ దగ్గర లారీలు నిలిచిపోయాయి. నాలుగు నెలల పైన పెట్రోలు, గ్యాసు, మందులు అందక అక్కడి జనం బాధపడ్డారు. మనతో పనిచేసిన గోర్ఖా జవాన్ల ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులవి. మేం ఆపలేదని ఢిల్లీ అంది, మీరే ఆపారని కాఠ్మాండూ అంది. ఎవరి మాట ఏదైనా 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. గేటు మూసుకున్నప్పుడు పొరుగువాడు ఇంకో గేటు వెతుక్కుంటాడు. సైనికులుగా మనం గుర్తుంచుకోవాల్సిన పాఠం ఇది.

భూటాన్ సంగతి వేరు. ఒప్పందం వాళ్ళ రాజధానిలోనే జరిగినా, 2016 నవంబరులో వాళ్ళ పార్లమెంటు ఎగువసభ దాన్ని తిరస్కరించింది. 2017లో, మేం తర్వాత చూస్తాం, మీరు ముగ్గురూ కానివ్వండి అని చెప్పారు. కొందరు దీన్ని తప్పుపట్టారు. నేను పట్టను. ఎనిమిది లక్షలు కూడా లేని జనాభా, ఇరుకు కొండ రోడ్లు. బయటి లారీలు వరసకట్టి వస్తే తమ అడవులు, గాలి, తమ డ్రైవర్ల బతుకు ఏమవుతాయన్నది వాళ్ళ భయం. ఆ రోడ్లు 1961 నుంచి మన బోర్డర్ రోడ్స్ దంతక్ ప్రాజెక్టు వేసినవే. అయినా ఇల్లు వాళ్ళది. రోడ్డు వేసి ఇచ్చామని ఎన్ని బండ్లు వెళ్ళాలో కూడా మనమే చెప్పలేం కదా!

ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "సాబ్, గేట్లు తెరిస్తే దేశ భద్రత మాటేమిటి?" మంచి ప్రశ్న. 2019 జూన్‌లో అట్టారీ దగ్గర పాకిస్తాన్ నుంచి వచ్చిన ఉప్పు బస్తాల్లో 532 కిలోల హెరాయిన్ దొరికింది. ప్రమాదం లేదని ఎవరూ చెప్పలేరు. కానీ అది ఎక్కడ దొరికిందో చూడండి. తనిఖీ ఉన్న గేటు దగ్గర దొరికింది. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4096 కిలోమీటర్లు. పశువులు, దగ్గు మందు సీసాలు దొంగతనంగా వెళ్ళేది గేటు లేనిచోట, రాత్రిపూట, నదుల మీదుగా. కాగితం, సీలు, డ్రైవరు ఫొటో, బండి నంబరు ఉన్న లారీని పట్టుకోవడం సులువు. గేటు బాగా పనిచేస్తే కంచె దగ్గర నిలబడే జవాను మీద బరువు తగ్గుతుందని నా నమ్మకం. నిఘా తగ్గించమని నేను అనడం లేదు. నిఘా గేటు దగ్గర గట్టిగా పెట్టి, సరుకును త్వరగా వదలమంటున్నాను.

ఈ మధ్య పరిస్థితి మళ్ళీ బిగుసుకుంది. 2021 మార్చిలో త్రిపురలో సబ్రూమ్ దగ్గర ఫెనీ నది మీద మైత్రీ సేతు ప్రారంభించారు. 2022 జూన్‌లో పద్మా వంతెన తెరిచి బంగ్లాదేశ్ తన దారి తాను సిద్ధం చేసుకుంది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం పడిపోయింది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ సరుకు మన రేవులు, విమానాశ్రయాల ద్వారా మూడో దేశాలకు వెళ్ళే సదుపాయాన్ని మనం ఆపాం. మే నెలలో అక్కడి రెడీమేడ్ బట్టలు భూమార్గాన రాకుండా ఆంక్ష పెట్టాం. పడమట పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లోనే అట్టారీ గేటు మూసేశాం. ప్రభుత్వాలకు వాటి కారణాలు వాటికుంటాయి. అందులో తీర్పు చెప్పడం నా పని కాదు.

నేను కోరేది ఒక్కటే. వంతెన కట్టడానికి ఏళ్ళు పడుతుంది, గేటు మూయడానికి ఒక ఉత్తర్వు చాలు. కాబట్టి ఒప్పందాల్లో గేటు మూసే పద్ధతి కూడా రాసుకోవాలి. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, దారిలో ఉన్న లారీ సంగతేమిటి, కుళ్ళిపోయే సరుకునైనా వదులుతారా, అవతల చిక్కుకున్న డ్రైవరును ఎవరు తీసుకొస్తారు అన్నవి ముందే తేలి ఉండాలి. ప్రతి గేటు దగ్గర డ్రైవర్లకు పార్కింగు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, పడుకోను ఒక షెడ్డు ఉండాలి. ఇవి పెద్ద కోరికలు కావు. మన ట్రాన్సిట్ క్యాంపుల్లో జవానుకు ఉన్న సదుపాయాలే.

మనం సరిహద్దును కాపాడింది అటూ ఇటూ జనం బతకడానికే. ఆ బతుకులో సగం లారీ మీద వెళుతుంది. మన సంఘంలో రవాణా రంగంలో ఉన్న సభ్యులు ఈ సంగతులు తెలుసుకుని, తమ లారీ యజమానుల సంఘాల్లో చర్చకు పెట్టాలని కోరుతున్నాను. 

జై హింద్.