తొలగింపు పరిహారానికి హద్దు ఎక్కడ?



పని వెదుక్కుంటూ ఊరు విడిచి బెంగళూరు చేరిన తెలుగు కుటుంబాలలో ఉద్యోగం పోవడమంటే ఇంటి అద్దె, పిల్లల చదువు, ఊరికి పంపే పైకం అన్నీ ఒక్కసారిగా ఆగిపోవడమే. ఆ కలవరంలో యాజమాన్యం ఒక కాగితం ముందుంచి, “చట్టప్రకారం నీకు రావలసింది ఇంతే, సంతకం చెయ్యి” అంటుంది. కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఆ “ఇంతే” అన్న మాట ఎంతవరకు నిజమో విచారించడమే నేటి ప్రసంగ విషయం.

ముందుగా రెండు సంగతులను వేరుచేసి చూడాలి. మొదటిది, కార్మికుని తప్పేమీ లేకున్నా యాజమాన్యం తన అవసరం కొద్దీ పనివారిని తగ్గించుకోవడం. దీనికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఒక లెక్క ఏర్పరచింది. ఏడాదిపాటు ఎడతెగక పనిచేసినవారికి నెల ముందుగా నోటీసు గాని, ఆ నెల వేతనం గాని ఇవ్వాలి. పనిచేసిన ఒక్కొక్క సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ లెక్కనే నిలిపింది. నెలకు 18,000 రూపాయల వేతనంపై ఎనిమిదేళ్లు పనిచేసినవారికి ఈ విధంగా 72,000 రూపాయలు వస్తాయి. గ్రాట్యుటీ దీనికి అదనం.

రెండవది అన్యాయపు తొలగింపు: విచారణ జరపకుండా, సంజాయిషీ అడగకుండా పంపివేయడం. దీనికి పై లెక్క గరిష్ఠ పరిమితి కాదు. ఇంతకు మించి ఇవ్వరాదని చట్టం ఏ అంకెనూ నిర్ణయించలేదు. తిరిగి పనిలోకి తీసుకోవాలని, పనిలేని కాలపు వేతనం చెల్లించాలని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. లేదా వాటికి బదులుగా పరిహారం ఇప్పించవచ్చు.

అయినా హద్దులు లేకపోలేదు. అవి కేసు వివరాలనుబట్టి ఏర్పడతాయి. 2013లో మహారాష్ట్రకు చెందిన ఒక ఉపాధ్యాయిని కేసులో, అక్రమంగా తొలగించినప్పుడు బకాయి వేతనాలతో పునర్నియామకమే సాధారణ నియమమని సుప్రీంకోర్టు చెప్పింది. వేరే చోట సంపాదన లేదని ఉద్యోగి చెప్పుకోవాలి. ఉన్నదని నిరూపించే భారం యాజమాన్యానిదే. అదే ఏడాది డిసెంబరులో ఒక టెలిఫోన్ సంస్థ దినకూలీ కేసులో, ఉద్యోగానికి బదులు మూడు లక్షల రూపాయల పరిహారంతో కోర్టు సరిపెట్టింది. సర్వీసు ఎంత, ఉద్యోగం ఎటువంటిది అన్నవే మొత్తాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి.

కనుక వేతన చీటీలు, గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు భద్రపరచుకోవాలి. చదివించుకోకుండా ఏ కాగితంపైనా సంతకం చేయరాదు. డబ్బు తీసుకోక తప్పకపోతే, “అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను” అని తెలుగులోనైనా రాసి సంతకం చేయాలి. కార్మికశాఖ రాజీ అధికారికి రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకోవాలి. పాత చట్టంలో మూడేళ్లున్న గడువు ఇప్పుడు తగ్గింది. మేనేజర్ హోదాలో ఉన్నవారికి ఈ మార్గం వర్తించదు. వారు సివిల్ కోర్టుకు వెళ్లవలసి ఉంటుంది.

యాజమాన్యం చూపే మొత్తం చట్టం నిర్ణయించిన కనీసం కావచ్చు. అన్యాయం జరిగినచోట దానినే తుది మొత్తమని ఒప్పుకోవలసిన పని లేదు. ఈ సంగతి సంతకానికి ముందే ప్రతి కార్మికునికి తెలియాలి.