దారి చూపే బాధ్యత: వృద్ధుల సామాజిక సంరక్షణపై ఒక పరిశీలన

వృద్ధాప్యంలో మనిషికి కావలసిన సహాయంలో వైద్యం ఒక భాగం మాత్రమే. స్నానానికి ఆసరా ఇవ్వడం, వేళకు వండిపెట్టడం, బ్యాంకుకు తోడు వెళ్లడం, నెలనెలా చేతికి కొంత డబ్బు అందేట్టు చూడడం, ఇంట్లోనే ఎదురయ్యే నిరాదరణ నుంచి కాపాడడం వంటి ఏర్పాట్లన్నింటినీ కలిపి సామాజిక సంరక్షణ అంటారు. ఈ ఏర్పాట్లు ఎన్ని ఉన్నాయో, వాటికి ఎంత ఖర్చవుతోందో చెప్పే లెక్కలు ప్రభుత్వాల దగ్గర ఉంటాయి గాని, వృద్ధులు వాటి దాకా ఎలా చేరుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఎక్కడ ఆగిపోయి వెనక్కి తిరుగుతున్నారు అన్న విషయం మీద జరిగిన ఆలోచన తక్కువ. దారి చూపడం అనేది ఉద్యోగి మంచితనం మీద ఆధారపడే మర్యాదగా మిగిలిపోకూడదని, అది స్వయంగా ఒక సేవ కనుక దానికి పేరు పెట్టి పిలవగలిగిన బాధ్యులు ఉండాలని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

2011 జనగణన నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2017-18లో 45 ఏళ్లు, ఆపై వయసున్న 72 వేల మందికి పైగా పౌరులను పలకరించి జరిపిన జాతీయ వృద్ధాప్య అధ్యయనంలో, వృద్ధులలో కేంద్ర వృద్ధాప్య పింఛను పథకం గురించి తెలిసినవారు సగానికి కొంచెం ఎక్కువగా తేలగా, తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన చట్టం గురించి తెలిసినవారు సుమారు 12 శాతమే అని వెల్లడైంది. ఈ తేడాకు కారణం ప్రచారం ఎక్కువ తక్కువలు మాత్రమే కాకపోవచ్చు. పింఛను పక్కింటివారి చేతికి రావడం కంటికి కనిపిస్తుంది కనుక ఆ కబురు దానంతట అదే వీధి వీధికీ చేరుతుంది. చట్టాన్ని ఆశ్రయించినవారు మాత్రం ఆ సంగతిని పరువు కోసం దాచుకుంటారు కనుక, ఒకరి అనుభవం మరొకరికి దారి కాలేకపోతుంది.

ఆ చట్టం 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పోషణ ఖర్చు కోసం పిల్లల మీద అర్జీ పెట్టుకునేందుకు సబ్ డివిజన్ స్థాయిలో ట్రిబ్యునల్‌ను, అంటే కోర్టు కాకపోయినా విచారించి ఉత్తర్వు ఇవ్వగలిగే అధికార వేదికను, ఇది ఏర్పాటు చేసింది. తెలుగు రాష్ట్రాలలో ఆ వేదికకు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షత వహిస్తారు. ఎదుటిపక్షానికి నోటీసు అందిన 90 రోజులలో, తప్పనిసరైతే మరో 30 రోజులలో, విచారణ ముగియాలి. వృద్ధులు స్వయంగా రాలేకపోతే వారు అధికారమిచ్చిన మరొకరు గాని, ఏదైనా సంస్థ గాని అర్జీ ఇవ్వవచ్చు. ట్రిబ్యునలే సొంత చొరవతోనూ విచారణ చేపట్టవచ్చు. ఇవి తరచుగా చెప్పుకునే అంశాలే. అంతగా చెప్పుకోని అంశాలు రెండున్నాయి. చట్టంలోని విషయాలను రేడియో, టెలివిజన్, పత్రికల ద్వారా క్రమం తప్పకుండా ప్రచారం చేయవలసిన బాధ్యతను 21వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వం మీద ఉంచింది. వృద్ధులు కోరుకుంటే ట్రిబ్యునల్ ముందు వారి తరఫున నిలబడి మాట్లాడేందుకు పోషణాధికారి అనే ఒక అధికారిని నియమించాలని 18వ సెక్షన్ చెప్పింది. అంటే దారి చెప్పడమే కాదు, తోడు నడవడం కూడా ప్రభుత్వ విధి అని చట్టం ఎప్పుడో అంగీకరించింది. ఆ అధికారి తమ జిల్లాలో ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో చెప్పగలిగిన వృద్ధులు ఎందరు ఉంటారన్న ప్రశ్న దగ్గరే చట్టానికీ జీవితానికీ మధ్య దూరం తెలుస్తుంది.

వృద్ధుల అనుభవంలో నిరాకరణ చాలావరకు నిరాకరణలా కనిపించదు. వీల్లేదని ఎవరూ అనరు. ఇది ఇక్కడ కాదు, మండలాఫీసులో అడగమంటారు, అక్కడ సంబంధిత గుమాస్తా సెలవంటారు, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తేడాగా ఉంది కాబట్టి ముందు అది సరిచేయించుకు రమ్మంటారు. విడివిడిగా చూస్తే ప్రతి మాటా నిజమే అయినా, మోకాళ్ల నొప్పులతో ఆటో ఛార్జీలు పెట్టుకుని తిరిగే మనిషికి ఆ మాటలన్నీ కలిసి ఒక మూసిన తలుపుతో సమానం. దీనికి తోడు, అరిగిపోయిన వేలిముద్రలను యంత్రం గుర్తించకపోవడం, ఓటీపీ వచ్చే ఫోను కొడుకు జేబులో ఉండడం వంటివి వృద్ధులను మరొకరి మీద ఆధారపడేట్టు చేస్తాయి. ఆ మరొకరు చాలా సందర్భాల్లో కుటుంబ సభ్యులే. పింఛను విషయంలో ఈ ఆధారం పనికొస్తుంది. ఫిర్యాదు ఆ కుటుంబం మీదే అయినప్పుడు, దారి చూపవలసిన మనిషే దారికి అడ్డుగా నిలుస్తాడు. మార్గదర్శనాన్ని ఇంటివారికి వదిలేసిన ఏ వ్యవస్థా ఈ సందర్భంలో పనిచేయదు. అన్నిటికన్నా బాధాకరమైన సందర్భం కూడా ఇదే.

సరైన సమయంలో అందని సలహా ఎంత ఖరీదైనదో ఆస్తి బదిలీల్లో స్పష్టంగా కనిపిస్తుంది. తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చిన వృద్ధులను ఆ ఆస్తి పొందినవారు చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేసే అవకాశం 23వ సెక్షన్ ఇస్తోంది. అయితే, అటువంటి షరతు ఉన్నట్టు రుజువు కానప్పుడు ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కనుక ఉదారంగా అన్వయించాలని చెప్పి, తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించింది. ఆ కేసులో కొడుకు తల్లిని చూసుకుంటానని రాసిచ్చిన పత్రం ఉండడం ఆమెకు అక్కరకు వచ్చింది. ఈ తీర్పుల తర్వాత దస్తావేజులో ఒక్క వాక్యం ఉందా లేదా అన్నది వృద్ధుల శేషజీవితాన్ని నిర్ణయించే విషయం అయింది. ఆ వాక్యం రాయించుకోమని చెప్పగలిగిన చోటు రిజిస్ట్రేషన్ కార్యాలయం, చెప్పగలిగిన మనిషి అక్కడి దస్తావేజు లేఖరి. గిఫ్ట్ డీడ్ రాయించడానికి కొడుకు వెంటబెట్టుకు వచ్చిన తల్లితో, కొడుకును కాసేపు బయట ఉండమని చెప్పి, ఈ షరతు సంగతి విడిగా చెప్పే ఏర్పాటు చేస్తే, ట్రిబ్యునళ్ల దాకా వచ్చే ఎన్నో కన్నీళ్లు అక్కడే ఆగుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు నుంచి సుమారు 50 కుటుంబాలకు ఒకరు చొప్పున పనిచేసిన వాలంటీర్ల వ్యవస్థ ఈ విషయంలో పరిశీలించదగిన అనుభవం. దాని చుట్టూ నడిచిన రాజకీయ వివాదాన్ని పక్కన పెట్టి వృద్ధుల వైపు నుంచి చూస్తే, అర్జీ ఎక్కడ పెట్టాలో తెలియకపోయినా ఎవరిని అడగాలో తెలిసిన కాలం అది. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం ఆదేశంతో వాలంటీర్లు పింఛను పంపిణీ నుంచి తప్పుకోగా, ఏప్రిల్‌లో చాలామంది వృద్ధులు ఎండలో గ్రామ, వార్డు సచివాలయాలకు వెళ్లవలసి వచ్చింది. ఆ సంవత్సరం జూలై నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటికి వచ్చి పింఛను ఇస్తున్నారు. డబ్బు ఇంటికి చేరడం మళ్లీ మొదలైంది. మొదటి తేదీన వచ్చి వెళ్లే ఉద్యోగిని మిగతా రోజుల్లో మరొక విషయం అడగగలమా అన్నది వేరే ప్రశ్న. అలాగని ఊరి మనిషి ఉంటే చాలనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే కొడుకు స్నేహితుడైన యువకుడి ముందు ఆ కొడుకు అన్నం పెట్టడం లేదని ఏ తల్లీ నోరు విప్పదు. తెలిసిన ముఖం దగ్గర కొన్ని అడగగలుగుతారు, తెలియని గొంతు దగ్గరే మరికొన్ని చెప్పుకోగలుగుతారు.

ఆ తెలియని గొంతు కోసమే ఉన్నది 14567 నంబరు. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ ద్వారా, తెలంగాణ ప్రభుత్వ భాగస్వామ్యంతో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్డర్ లైన్ సేవ ఇది. 2021 అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, జాతీయ సేవగా దేశమంతటికీ వచ్చింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా సమాచారం, న్యాయ విషయాలలో సలహా, మానసిక ధైర్యం అందించడంతో పాటు, అవసరమైనప్పుడు క్షేత్రస్థాయి సిబ్బంది స్వయంగా వెళ్లి ఆదుకోవడం కూడా దీని పనుల్లో భాగం. చివరి పనే దీని ప్రాణమని చెప్పవచ్చు. ఫోనులో చిరునామా చెప్పి పెట్టేస్తే సమాచారం ఇచ్చినట్టవుతుంది. ఆ తర్వాత వారం రోజులకు మళ్లీ ఫోను చేసి పని జరిగిందో లేదో కనుక్కుంటేనే అది మార్గదర్శనం అవుతుంది.

ఈ తేడాను చట్టంలోకి తెచ్చిన దేశాలున్నాయి. ఇంగ్లండ్‌లో 2014 నాటి సంరక్షణ చట్టం, సొంత డబ్బుతో సేవలు కొనుక్కునేవారితో సహా అందరికీ సమాచారం, సలహా ఇచ్చే సేవను నడపవలసిన విధిని స్థానిక సంస్థల మీద పెట్టింది. అయినా స్తోమత ఉన్నవారి చేతికి ఆశ్రమాల జాబితా ఇచ్చి పంపేస్తున్నారన్న విమర్శ అక్కడ వినిపిస్తూనే ఉంది. జపాన్ 2006 నుంచి ప్రాంతాలవారీగా నెలకొల్పుతున్న సహాయ కేంద్రాలలో ఒక ప్రజారోగ్య నర్సు, ఒక సామాజిక కార్యకర్త, సంరక్షణ ప్రణాళికలు తయారుచేసే ఒక నిపుణుడు కలిసి పనిచేస్తారు. ఆరోగ్యం, ఇల్లు, డబ్బు అనే మూడు కష్టాలు వృద్ధులకు విడివిడిగా రావు కనుక, వాటిని వినే మనుషులు ఒకే చోట ఉండడంలో ఎంతో వివేకం ఉంది. గ్రామ, వార్డు సచివాలయాల్లో సంక్షేమ సహాయకులు, ఆరోగ్య సిబ్బంది ఇప్పటికే ఉన్నందున, ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి కలయికకు కావలసిన మనుషులు ఉన్నట్టే.

డబ్బున్న కుటుంబాలలో ఈ సమస్య రూపం మారుతుందే గాని తీరదు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండగా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులకు సహాయకులను పంపే ప్రైవేటు ఏజెన్సీలు చాలా వచ్చాయి. ఏజెన్సీని వెతికేది, బేరమాడేది, డబ్బు కట్టేది పిల్లలు కాగా, రోజంతా ఆ సహాయకులతో గడపవలసింది పెద్దవారు. తమ గదిలోకి వచ్చే కొత్త మనిషి పని వేళలేమిటో, చేయవలసిన పనులేమిటో, ఆ మనిషి కసిరితే ఎవరికి చెప్పాలో వారికి చాలాసార్లు ఎవరూ వివరించరు. పిల్లలకు చెబితే అంత దూరాన కంగారుపడతారని వారూ చెప్పరు. ఒప్పందపత్రం తెలుగులో ఉండి, ఫిర్యాదు వినే మనిషి పేరూ ఫోను నంబరూ అందులో పెద్ద అక్షరాలలో ఉండి, దాని ప్రతి ఒకటి పెద్దవారి చేతికే ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, డబ్బు కట్టే పిల్లలు మొదటి నెలలోనే అడిగితే సరిపోతుంది.