ఆకాశ్ ఎవరి చేతి పని?

ఆకాశ్ క్షిపణి పేరు వినే ఉంటారు. శత్రు విమానాన్ని గాల్లోనే కూల్చేది. దాన్ని చేసింది ప్రభుత్వమా, ప్రైవేటు వాళ్లా? ఇద్దరూనండి!

1983లో శాస్త్రవేత్త అబ్దుల్ కలాం గారి సారథ్యంలో మొదలైన క్షిపణి కార్యక్రమంలో ఇదొకటి. రూపకల్పన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌ది. క్షిపణి తయారీ ప్రభుత్వ సంస్థ బీడీఎల్‌ది. మరి లాంచర్లు? టాటా, ఎల్ అండ్ టీ చేశాయి. విడిభాగాలకైతే ఎన్నో చిన్న కంపెనీలు.

అంటే పరిశోధన భారం ప్రభుత్వానిది, తయారీ పనిలో ప్రైవేటు పరిశ్రమకూ వాటా ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆర్డర్ కోసం ఏళ్లు ఆగాలి. అన్నాళ్లు చిన్న వర్క్‌షాపు జీతాలెలా ఇస్తుంది?

ఈ రంగంలోకి వచ్చే కొత్తవాళ్ల కోసం 2018లో ఐడెక్స్ అనే ప్రభుత్వ పథకం వచ్చింది. సైన్యం తన సమస్య చెబుతుంది. స్టార్టప్ పరిష్కారం చూపుతుంది. నచ్చితే నమూనాకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. కొంత స్టార్టప్ కూడా పెట్టుకోవాలి. కొనుగోలు మాటంటారా, అది నమూనా నెగ్గాకే.