స్టార్టర్ పాయింట్లలో వెండి: 38 గ్రాముల కోసం మేం కట్టిన బిల్లు

ఈ మధ్య రీల్స్ ఓపెన్ చేస్తే చాలు, ఎవరో ఒకరు పాత సిమ్ కార్డులు, పాత బోర్డులు యాసిడ్‌లో వేసి బంగారం తీస్తున్నారు. మీలో చాలామంది నన్ను అడిగారు, "బ్రో, ఇది నిజమేనా? ఇంట్లో చేయొచ్చా?" అని. నిజమే. కానీ ఇంట్లో చేయొద్దు. ఇది ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు. నేను చేశాను. చేసి, మా తమ్ముణ్ణి ఆస్పత్రి పాలు చేశాను.

మా బాబాయ్‌కి నరసరావుపేట దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్ల స్టార్టర్లు రిపేరుకి వస్తుంటాయి. పొలం ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. మోటార్ ఎత్తుకోవట్లేదంటే మెకానిక్ స్టార్టర్ మూత తీసి ముందు చూసేది పాయింట్లే. రాగి పట్టీ, దాని కొసన చిన్న తెల్లటి బిళ్ళ. ఆ బిళ్ళే వెండి.

అక్కడ వెండి ఎందుకు? స్విచ్ తెరుచుకున్న ప్రతిసారీ లోపల చిన్న మెరుపు వస్తుంది. ఆ వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటుని సరిగ్గా పోనివ్వదు. వెండితో ఆ గొడవ తక్కువ. దాని ఆక్సైడ్ వేడికి మళ్ళీ వెండిగా మారిపోతుంది. అందుకే వెండి పాయింట్లు కాస్త నల్లబడినా ఉప్పు కాగితం పెట్టి గీకొద్దని కంపెనీలు చెప్తాయి. గీకితే పోయేది వెండే.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. ఒట్టి వెండి అయితే ఆ మెరుపుకి రెండు బిళ్ళలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా కాకుండా అందులో వేరేది కలుపుతారు. చాలా ఏళ్ళు కలిపింది కాడ్మియం ఆక్సైడ్, మామూలుగా 10 నుంచి 15 శాతం. ఇప్పుడు చాలా కంపెనీలు దాని బదులు టిన్ ఆక్సైడ్ వాడుతున్నాయి. కానీ రిపేరుకి వచ్చేవి పాత స్టార్టర్లు కదా. చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి. కంటితో తేడా చెప్పలేం. ఈ కాడ్మియం అనే పేరు గుర్తుపెట్టుకోండి.

2021 ఆగస్టు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. బాబాయ్ షాపులో హార్లిక్స్ సీసా నిండా పాత పాయింట్లు. ఏడాదికోసారి ఒకాయన వచ్చి తూకమేసి పట్టుకెళ్తాడు. ఆ సీసాకి 1,800 ఇస్తానన్నాడు. నేను బీటెక్ చదివినవాణ్ణి కదా, నాకు కోపమొచ్చింది. "బాబాయ్, ఆయన నిన్ను మోసం చేస్తున్నాడు. నేనే వెండి తీసి చూపిస్తా" అన్నా. "ఎందుకురా ఆ తలనొప్పి" అన్నాడు బాబాయ్. నేను వినలేదు.

నేనూ, బాబాయ్ కొడుకూ మేడ మీదకి ఎక్కాం. గ్యాస్ టార్చ్‌తో బిళ్ళలు ఊడదీశాం. నైట్రిక్ యాసిడ్‌లో వేశాం. గోధుమరంగు పొగ లేచింది. అది నైట్రోజన్ డయాక్సైడ్. ముఖానికి బట్ట మాస్కులు. కోవిడ్ టైమ్ కాబట్టి అవి ఎలాగూ ఉన్నాయి. ఆ మాస్కు ఈ పొగలని ఏమాత్రం ఆపదు. వాడు గిన్నె మీదకి వంగి చూస్తున్నాడు. నేను గాలి వచ్చే వైపు నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నా. అదే నా ఛానల్ మొదటి వీడియో అవ్వాలి.

సాయంత్రానికి వెండి వచ్చింది. 38 గ్రాములు. మెరుస్తోంది. పిన్ని చేతిలో పెట్టాం. అందరం నవ్వాం.

రాత్రి రెండింటికి తమ్ముడికి జ్వరం, దగ్గు, ఛాతీ పట్టేసింది. ఆక్సీమీటర్‌లో 88 చూపిస్తోంది. అందరం కోవిడ్ అనుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్తే టెస్ట్ నెగటివ్. అప్పుడు డ్యూటీ డాక్టర్ ఒక్క ప్రశ్న అడిగాడు, "నిన్న పగలు ఏం పని చేశారు?" అని. నేను చెప్పా. ఆయన ముఖం మారిపోయింది. పొగ వల్ల ఊపిరితిత్తులు వాచాయి, టార్చ్ పొగా కావచ్చు, యాసిడ్ పొగా కావచ్చు, రెండూ కావచ్చు అన్నాడు.

వెండి 962 డిగ్రీలకి కరుగుతుంది. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే టార్చ్ వేడికి కాడ్మియం పొగగా లేస్తుంది. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత ఫ్లూ జ్వరంలా మొదలవుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఇలాగే ఆలస్యంగా దెబ్బకొడుతుంది. పైగా ఒంట్లో చేరిన కాడ్మియం ఏళ్ళ తరబడి కిడ్నీల్లో ఉండిపోతుంది.

మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

సరే, లెక్క చూద్దాం. అప్పుడు వెండి గ్రాము సుమారు 65 రూపాయలు. 38 గ్రాములకి 2,470. యాసిడ్, గ్యాస్, గ్లవ్స్, గాజు గిన్నెల ఖర్చు 1,150. మిగిలింది 1,320. ఆ సీసాకి ఆయన ఇస్తానన్నది 1,800! ఆయన మోసం చేయలేదు, నేనే లెక్క చూసుకోలేదు. ఆస్పత్రి బిల్లు 41,000.

ఇంకోటి కూడా చెప్పాలి. మిగిలిన యాసిడ్ నీళ్ళు మేడ మీది గొట్టంలో పోశాం. ఆ గొట్టం నీళ్ళు పెరట్లో పిన్ని బీరపాదు దగ్గరకి వెళ్తాయి. పాదు పీకేశాం. ఆ మూల ఇప్పటికీ ఏమీ వేయరు. జపాన్‌లో జింజు నది పక్క పల్లెల్లో గని నీళ్ళలోని కాడ్మియం వరిపొలాల్లోకి చేరి, అది తిన్నవాళ్ళ ఎముకలు విరిగిపోయాయి. ఆ జబ్బు పేరు ఇటాయ్-ఇటాయ్, అంటే "నొప్పి, నొప్పి" అని.

మరి చెత్తలోంచి లోహాలు తీయడమే తప్పా? కాదు. 10 లక్షల ఫోన్లలో సుమారు 350 కిలోల వెండి, 34 కిలోల బంగారం ఉంటాయని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. అంటే మీ ఫోన్‌లో బంగారం 0.034 గ్రాములు. టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ అన్నీ ఇలా తీసిన లోహంతోనే చేశారు, 62 లక్షలకి పైగా ఫోన్లు పోగుచేసి. మన హైదరాబాద్ చర్లపల్లిలోనే సీ-మెట్ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఈ పని మీద కూడా ఉంది. పొగని పట్టే యంత్రాలు, నీళ్ళని శుద్ధి చేసే ఏర్పాట్లు ఉన్నచోట ఇది మంచి పరిశ్రమ. మేడ మీద మాత్రం కాదు.

మీ ఇంట్లో వైండింగ్ షాపో, స్క్రాప్ షాపో ఉంటే డబ్బు ఉన్నది విడదీయడంలో, కరిగించడంలో కాదు. స్క్రూడ్రైవర్‌తో పాయింట్లు వేరు చేయండి, రాగి వేరు, ఇత్తడి వేరు. ఇద్దరు ముగ్గురిని రేటు అడిగి అమ్మండి. మంట, యాసిడ్ వద్దు. రీసైక్లింగే వ్యాపారంగా చేయాలంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. ఎవరైనా ఇప్పటికే ఇలాంటి పొగ పీల్చి ఉంటే, బాగానే ఉన్నా సరే ఆస్పత్రికి వెళ్ళండి. ఏం కాల్చారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

ఆ వీడియో ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. 14 నిమిషాలు. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. పిన్ని చేతిలో వెండి మెరుస్తుండగా అయిపోతుంది. రాత్రి రెండు గంటలు అందులో లేదు. మీరు చూసే రీల్స్ కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతాయి, అది గుర్తుపెట్టుకోండి.

స్క్రాప్ పని చేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి.