కోకిల తుమ్మెద, పేడపురుగు

ఇక్కడ బ్రిటన్‌లో వేసవి సాయంత్రాలు మన గుడి తోటలో నల్లటివి రెండు జుమ్మని ఎగురుతుంటాయి. వాటి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మెడ దగ్గర పసుపు పట్టీ, వెనక తెల్లటి కొస ఉన్నది వెస్టల్ కకూ బీ అనే తుమ్మెద. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టే, ఇది మరో తుమ్మెద గూట్లో చొరబడి, అక్కడి రాణిని చంపో లొంగదీసో, తన పిల్లల్ని ఆ గూటి కూలి ఈగలతోనే పెంచిస్తుంది. దీనికి సొంత కూలి ఈగలు లేవు, కాళ్లకు పుప్పొడి బుట్టలూ లేవు. ఇలాంటివి బ్రిటన్‌లో 6 జాతులున్నాయి.

నిగనిగలాడే రెండోది డోర్ బీటిల్, సుమారు 2 సెంటీమీటర్ల పేడపురుగు. ఆడా మగా కలిసి పేడ కింద సొరంగం తవ్వి, పిల్లల కోసం పేడ కూరి పెడతాయి. నేల గుల్లబారుతుంది, ఎరువు వేళ్లకు అందుతుంది.

ఒకటి దొంగ, ఒకటి కష్టజీవి అనేస్తాం. కానీ ఆ దొంగా పూలకు పుప్పొడి మోస్తుంది. పోషించే గూళ్లు బాగా ఉన్నచోటే అది బతుకుతుంది కాబట్టి, అది కనబడితే తోట బాగున్నట్టే. పేడపురుగుకు ముప్పు మనుషుల నుంచే: పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ వంటి నులిపురుగుల మందు పేడలో మిగిలి దాని పిల్లల్ని చంపుతుంది.

అందుకే తోటలో పురుగుమందు చల్లేముందు ఆగుదాం. పేడ తెచ్చేటప్పుడు, పశువులకు మందు ఎప్పుడు వేశారని రైతును అడుగుదాం.