బడ్జెట్‌లో ఉన్న డబ్బు ఊరికి ఎందుకు రాదు?

మీ ఫోన్‌లో రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ ఉందనుకోండి. రాత్రి పన్నెండింటికి ఇంకా 1 జీబీ మిగిలే ఉంది. పన్నెండు దాటగానే ఏమవుతుంది? పోతుంది. రేపటికి కలవదు. ప్రభుత్వ శాఖలకి ఇలాంటి రాత్రి ఏడాదికి ఒకటి వస్తుంది, మార్చి 31. ఆ రోజుకి ఖర్చు కాని కేటాయింపు మురిగిపోయినట్టే. మళ్లీ ఏప్రిల్ 1న కొత్త పద్దు, కొత్త ఫైలు.

ఈ ఎపిసోడ్‌లో దీని గురించే మాట్లాడుకుందాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టీవీల్లో "ఈ శాఖకి ఇన్ని వేల కోట్లు" అని పెద్ద పెద్ద అక్షరాలతో వేస్తారు కదా. ఏడాది తిరిగాక అందులో ఎంత ఖర్చయిందో మాత్రం ఎవరూ వేయరు.

ఒక్క పథకం తీసుకుందాం. జల్ జీవన్ మిషన్. పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి ఇవ్వాలని 2019 ఆగస్టు 15న ప్రకటించారు. అప్పటికి కుళాయి ఉన్న గ్రామీణ ఇళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 కోట్ల 23 లక్షలు. 2025 మొదట్లో ఆ లెక్క 15 కోట్లు దాటింది. అంటే గ్రామీణ ఇళ్లలో దాదాపు 80 శాతం. మంచి పనే జరిగింది, కాదనడం లేదు. కానీ మిగిలిన 20 శాతం ఎవరో ఊహించండి. నీళ్లు దూరంగా ఉన్న ఊళ్లు, గుట్టల మీది తండాలు, ఊరి చివరి వాడలు. అంటే ఖర్చు ఎక్కువయ్యేది అక్కడే.

ఇప్పుడు డబ్బు చూడండి. 2024-25లో ఈ పథకానికి కేంద్ర బడ్జెట్‌లో రూ. 70,163 కోట్లు పెట్టారు. అదే ఏడాది సవరించిన అంచనాల్లో అది రూ. 22,694 కోట్లకి దిగింది. మూడో వంతు కూడా లేదు! దాదాపు 47 వేల కోట్లు కాగితం మీదే తగ్గిపోయాయి. దీనికోసం ఎవరూ ప్రెస్ మీట్ పెట్టి "కోత పెడుతున్నాం" అని చెప్పలేదు.

ఇంకో తమాషా ఉంది. తర్వాతి ఏడాది, అంటే 2025-26లో, ఇదే పథకానికి రూ. 67,000 కోట్లు పెట్టారు. దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. సవరించిన లెక్కతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు పెంచారు. మొదట ప్రకటించిన లెక్కతో పోలిస్తే మూడు వేల కోట్లు తగ్గించారు. రెండూ అబద్ధం కాదు. అందుకే ఎవరైనా "పెంచాం" అన్నా, "తగ్గించారు" అన్నా, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటే: దేనితో పోల్చి?

బడ్జెట్ కాగితాల్లో ప్రతి పద్దుకీ మూడు రకాల అంకెలుంటాయి. మొదటిది బడ్జెట్ అంచనా, అంటే ఏడాది మొదట్లో చెప్పిన మాట. రెండోది సవరించిన అంచనా, అంటే ఏడాది మధ్యలో మార్చుకున్న మాట. మూడోది వాస్తవ ఖర్చు. అది మాత్రం దాదాపు రెండేళ్ల తర్వాత కనిపిస్తుంది. అప్పటికి మనం వేరే వార్తలో ఉంటాం.

జల్ జీవన్ ఒక్కటే కాదు. అదే 2024-25లో గ్రామీణ ఇళ్ల పథకం రూ. 54,500 కోట్ల నుంచి 32,426 కోట్లకి దిగింది. పల్లె రోడ్ల పథకం 19,000 కోట్ల నుంచి 14,500 కోట్లకి దిగింది.

ఎందుకిలా? "ఆఫీసర్లు పని చేయరు" అనేస్తే సులువు. కొంత నిజం కూడా ఉండొచ్చు. కానీ అసలు కథ వేరే. ప్రభుత్వం ఆపలేని ఖర్చులు కొన్ని ఉంటాయి: జీతాలు, రిటైరైన వాళ్ల పెన్షన్లు, అప్పుల మీద వడ్డీ. ఇవి ఒక్క నెల ఆగినా గొడవే. మరి ఆదాయం అనుకున్నంత రాకపోతేనో, ద్రవ్యలోటు గీత దాటకూడదంటేనో ఎక్కడ తగ్గిస్తారు? అడగడానికి ఎవరూ రాని చోట. పైపులైను ఆరు నెలలు ఆలస్యమైతే ధర్నా చేసేది ఎవరు? బిందె పట్టుకుని వ్యవసాయ బావికి నడిచే అమ్మ. ఆమెకి బడ్జెట్ పద్దు నంబర్ తెలియదు కదా.

పద్ధతులు కూడా తోడవుతాయి. జల్ జీవన్ మిషన్‌లో మన రెండు రాష్ట్రాలకీ కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టాలి. రాష్ట్రం తన సగం వేయకపోతే, ముందు ఇచ్చిన డబ్బుకి వినియోగ ధ్రువీకరణ పత్రం, అదే యూసీ, పంపకపోతే కేంద్రం తర్వాతి వాయిదా ఇవ్వదు. తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. రాష్ట్రంలో కూడా అసెంబ్లీ బడ్జెట్ పాస్ చేసినంత మాత్రాన డబ్బు కదలదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. పని అయ్యాక బిల్లు ట్రెజరీకి వెళ్లాలి. అక్కడ క్యూ ఉంటుంది. "బిల్లు పెట్టాం, పైసలు రాలేదు" అనే మాట ఏ మాజీ సర్పంచ్‌ని అడిగినా వినిపిస్తుంది.

సర్పంచ్ అన్నాం కాబట్టి తెలంగాణ కథ కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరి మొదట్లో పంచాయతీల పదవీకాలం అయిపోయింది. రిజర్వేషన్ల లెక్క తేలక, కోర్టుల్లో కేసులతో, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. అంటే దాదాపు రెండేళ్లు పన్నెండు వేలకు పైగా పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లకి ఒక షరతు ఉండేది: ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. లేదు కాబట్టి గ్రాంట్లు ఆగాయి. ఆ గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే వాడాల్సి ఉండేది. డ్రైనేజీ, చెత్త ట్రాక్టర్, మోటార్ రిపేర్... ఊరికి రోజూ కావాల్సినవి ఇవే. బడ్జెట్ కాగితంలో డబ్బు ఉంది. ఊళ్లో మోటార్ కాలిపోతే చందాలు.

సంస్కృతి సంగతికి వద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం రూ. 50.65 లక్షల కోట్లు. అందులో సాంస్కృతిక శాఖకి సుమారు రూ. 3,361 కోట్లు. వంద రూపాయల్లో ఏడు పైసలు కూడా కాదు. పురావస్తు శాఖ, మ్యూజియంలు, అకాడమీలు, లైబ్రరీలు, పేద కళాకారులకి సాయం అన్నీ అందులోనే. అరవై దాటిన కళాకారుడికి కేంద్రం ఇచ్చే సాయం గరిష్ఠంగా నెలకి రూ. 6,000. దానికి ఏడాది ఆదాయం 72 వేలు దాటకూడదు. తోలుబొమ్మలాట ఆడించే పెద్దాయనకి, ఒగ్గు కథ చెప్పే తాతకి ఆ ఆరు వేలు మందుల ఖర్చు. పెద్ద పద్దులో రెండు కోట్లు మిగిలితే లెక్కలోకి రాదు. ఇక్కడ రెండు కోట్లంటే దాదాపు రెండు వందల డెబ్బై మందికి ఏడాది పొడుగునా వచ్చే సాయం.

ఇంకొకటి. ఇది కాస్త వేరే రకం, కానీ మీకు చాలా దగ్గరిది. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్ ఉంటుంది. ఇంటి పన్ను మీద 8 శాతం. అంటే వెయ్యి రూపాయల పన్ను కడితే ఎనభై రూపాయలు లైబ్రరీకి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. చాలా చోట్ల వసూలు అవుతుంది, కానీ అక్కడికి వెళ్లదు. కరెంటు బిల్లులకి, జీతాలకి వాడేసుకుంటారు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుంటాయి.

దెబ్బ ఎవరికి? గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకి చదివేవాళ్లకి. మండల లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి కుర్చీకి బ్యాగు తగిలించి సీటు ఆపుకునే వాళ్లు ఈ వీడియో చూస్తున్న వాళ్లలోనే ఉంటారు. కొత్త కరెంట్ అఫైర్స్ పుస్తకం లేదు, ఫ్యాన్ తిరగదు, బాత్రూమ్‌కి తాళం. ఆ లైబ్రరీ కోసం మీ నాన్న ఆల్రెడీ డబ్బు కట్టేశారు! 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. అప్పుడు సెస్సూ లేదు, పద్దూ లేదు.

ఖర్చు కాని డబ్బుని ఆడిట్ భాషలో ఏమంటారో తెలుసా? "సేవింగ్స్". కాగ్ రిపోర్టుల్లో అదే మాట ఉంటుంది. టెండర్ తక్కువకి వచ్చి నిజంగా మిగిలినా సేవింగ్సే, కుళాయి వేయక మిగిలినా సేవింగ్సే. అలాగని మార్చి నెలలో హడావిడిగా ఖర్చు పెట్టేయడం కూడా పరిష్కారం కాదు. చివరి నెలల్లో ఖర్చు గుమ్మరించొద్దని కేంద్ర ఆర్థిక నియమాలే చెప్తాయి. మార్చిలో వేసిన రోడ్డు జూన్ వానకి లేచిపోవడం మనం చూడనిదా?

మరి మనం ఏం చేయొచ్చు? ఫోన్ చేతిలోనే ఉంది కదా. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో గానీ, మేరీ పంచాయత్ యాప్‌లో గానీ మీ రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకోండి. ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఖర్చు రాశారు అన్నీ చూడొచ్చు. అక్కడ రాసిన పని ఊళ్లో ఉందో లేదో చూడటానికి ఏ యాప్ అక్కర్లేదు, ఒక రౌండ్ వేస్తే చాలు. లైబ్రరీ సెస్ కోసమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రెండే ప్రశ్నలు: గత మూడేళ్లలో మా పంచాయతీ ఎంత సెస్ వసూలు చేసింది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకి ఎంత కట్టింది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. గొడవ పడాల్సిన పని లేదు, మర్యాదగా రాస్తే చాలు. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.

జవాబు వచ్చాక కింద కామెంట్‌లో ఆ రెండు అంకెలూ, మీ మండలం పేరూ రాయండి. మీ పేరు, ఫోన్ నంబర్ మాత్రం వద్దు. కనీసం ఇరవై మండలాల అంకెలు వస్తే వాటితోనే ఒక ఎపిసోడ్ చేద్దాం.